జీవరత్నం నవ్విన ఆదివారం

నేను ఒక టీవీని. ఏదో ఊరి ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో లారీ ఎక్కి, తుని బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జీలో మొదట కొలువు చేశాను. అక్కడ దిగినవాళ్ళు నన్ను చూడ్డానికి కాదు, గదిలో మరో గొంతు ఉంటుందని పెట్టుకునేవాళ్ళు. నన్ను మాట్లాడనిచ్చి వాళ్ళు నిద్రపోయేవాళ్ళు. లాడ్జీకి కొత్త టీవీలు వచ్చాక, ఆర్టీసీ కండక్టరు జీవరత్నం నన్ను కొని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

జీవరత్నం నవ్వులమనిషి. సీటు కోసం కొట్టుకునేవాళ్ళని కూడా నవ్వించి కూర్చోబెడతాడని భార్య సువార్త అందరికీ చెప్పుకునేది. ఇక నా ముందు కూర్చుంటే చెప్పక్కర్లేదు. తెర మీద ఎవరైనా కాలు జారి పడితే చాలు, పొట్ట పట్టుకుని కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు షారోను. డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల చర్చిలో పాడేది, బట్టలు ఆరేస్తూ పాడేది, నాలో వచ్చే సబ్బుల ప్రకటనలకు కూడా గొంతు కలిపేది. నా స్పీకరు నాసిరకం. ఆ పిల్ల పక్కన పాడుతుంటే నాకూ నా గొంతు మీద కాస్త గౌరవం కలిగేది.

పాటల పోటీకి వైజాగులో ఆడిషన్లు పెడుతున్నారన్న కబురు ఆ ఇంటికి చెప్పింది నేనే. తండ్రీకూతుళ్ళు పొద్దున్నే రైలెక్కి వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి షారోను కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. జడ్జీల ముందుకు ఒక్కదాన్నే పంపారట. పాడుతూ పాడుతూ ఉండగా గొంతు పట్టేసి, ఏడుపొచ్చేసిందట.

"కానీ అమ్మా, జడ్జీ మేడం లేచి నా దగ్గరికొచ్చారు. 'ఇలాంటి గొంతు ఎక్కడో గాని ఉండదు, భయం పోగొట్టుకుని వచ్చే ఏడు తప్పకుండా రా' అన్నారు" అని చెప్పింది. ఆ మాట చెబుతుంటే ఏడుపులోంచే ఆ పిల్ల ముఖం విప్పారింది.

కొన్నాళ్ళకి ఛానెల్ నుంచి ఫోనొచ్చింది, ఈ ఆదివారం మీ అమ్మాయిని చూపిస్తున్నామని.

"గెలవకపోతే ఏం? ఆ మేడం అన్న మాట వీధి వీధంతా వినాలి" అని జీవరత్నం ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చాడు. సువార్త పకోడీలు వేసింది. జనం గుమ్మం దాకా కూర్చున్నారు. షారోను చర్చికి వేసుకునే పసుపు చుడీదారులో నా పక్కనే గోడకానుకుని నిలబడింది. అందరూ నన్ను చూస్తున్నారు. ఆ పిల్ల అందరి ముఖాలూ చూస్తోంది.

బాగా పాడినవాళ్ళు అయిపోయాక, పాడలేనివాళ్ళని వరసపెట్టి చూపించాను. ఒకాయన తలూపుతూ అపస్వరం ఎత్తుకోగానే మేక అరుపు అతికించారు. ఒకావిడ గొంతు పెంచబోతే పళ్ళెం కింద పడ్డ చప్పుడు. గదంతా గొల్లుమంది. జీవరత్నం తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు మధ్యలో షారోను ముఖం వచ్చింది. నోరు తెరిచింది, గొంతు జీరపోయింది, వెంటనే బాతు అరిచింది. చెంప మీద జారే కన్నీటిని పెద్దది చేసి మళ్ళీ మళ్ళీ చూపించారు. చూపించిన ప్రతిసారీ బాతు.

కూతుర్ని గుర్తుపట్టేలోపు జీవరత్నం నవ్వు ఇంకాస్త దూరం వెళ్ళిపోయింది. షారోను నా వైపు తిరగనే లేదు. తండ్రి ముఖమే చూస్తోంది.

ఎవరో దగ్గారు. ఒకరిద్దరు లేవబోయారు.

"ఇంకా ఉంది, ఆగండి. మేడం లేచి వస్తారు" అంది షారోను, చాలా మెల్లిగా.

వాళ్ళు ఆగారు. నేను సబ్బు ప్రకటన వేశాను. తర్వాత ఇంకో ఊరి ఆడిషన్లు. ఆ మేడం లేవనే లేదు. నాకు అందిందే నేను చూపించగలను, కోసి పారేసింది నా దాకా రాదు. జనం చెప్పులు వెతుక్కుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

"నిన్ను చూసి నవ్వలేదమ్మా. నువ్వని తెలీలేదు" అన్నాడు జీవరత్నం.

"తెలుసు నాన్నా. వేరే ఎవరో అనుకుని నవ్వావు" అంది. కోపంగా కాదు. అన్నం పెట్టమంటావా అని అడిగినంత మామూలుగా.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో పాట లేదు. పాస్టరుగారు ఇంటికొచ్చి పిలిచినా, గొంతు బాగోలేదండీ అనేది. మేడం మాటలు ఒక్కసారి చూపించండి బాబూ అని జీవరత్నం ఛానెల్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. లైన్లో ఉండమని, కాసేపు సంగీతం వినిపించి పెట్టేసేవాళ్ళు. చివరికి అతను నా తీగ పీకేసి, పాత దుప్పటి కప్పాడు.

ఇప్పుడు నాకు చూపు లేదు, వినికిడే. మొన్నొక రోజు వంటింటి గుమ్మం వైపు నుంచి జీవరత్నం పాట ఎత్తుకున్నాడు. జన్మలో పాడని మనిషి. శ్రుతి లేదు, తాళం లేదు. కావాలనే గొంతు వంకర్లు తిప్పాడు, మేకలా అరిచాడు, బాతులా అరిచాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"నవ్వమ్మా. నన్ను చూసి ఒక్కసారి నవ్వెయ్యి తల్లీ" అన్నాడు.

"బాగా పాడుతున్నావు నాన్నా. చివరిదాకా పాడు" అంది షారోను.

అతను పాడలేకపోయాడు.