పచ్చ లైటు చెప్పిన మట్టం

నెబ్రాస్కాలో, చెరువు ఒడ్డున, ప్రయాణికులు బళ్ళు ఆపుకునే మా క్యాంపులో పన్నెండో నంబరు స్థలానికి ఆ సాయంత్రం ఇంటిలాంటి బండి, ఒక మోటర్‌హోమ్ వచ్చింది. నేను కట్టెల మోపు తీసుకెళ్ళేసరికి వెర్లిన్ అనే పెద్దాయన బండిని మట్టంగా నిలిపే జాకీలు దించి, గోడలోంచి సొరుగులా వచ్చే పక్కగదిని కూడా బయటికి జరిపేశాడు. ఆ గదిలోని సోఫా మీద ఆయన భార్య ఆర్డిస్ కళ్ళు మూసుకుని, అంచు గట్టిగా పట్టుకుని పడుకుని ఉంది.

"బండి ఒరిగి ఉందయ్యా," అంది.

"జాకీల మెషీన్ మీద పచ్చ లైటు వెలిగిందిగా. మట్టంగా ఉంటేనే వెలుగుతుందది."

"అయితే ఆ లైటునే వచ్చి ఇక్కడ పడుకోమను."

ఆయన మెట్లు దిగి, నాతో గొంతు తగ్గించి చెప్పాడు. "చెవి లోపల ఏదో జబ్బు. ఇంట్లో ఉంటే బాగానే ఉంటుంది, ఇలా ఆగిన ప్రతిచోటా కళ్ళు తిరుగుతాయి. ఒరెగాన్ వెళ్ళి సముద్రం చూడాలని తనే బయల్దేరదీసింది. ఈ రాత్రి కూడా ఇలాగే ఉంటే పొద్దున్నే వెనక్కి తిప్పేయమంది."

"బండి నడుస్తున్నప్పుడో?"

"అప్పుడేం ఉండదు. అదే విచిత్రం."

ఆవిడ మంచినీళ్ళు అడిగితే లోపలికి వెళ్ళి ఇచ్చాను. వెనక్కి తిరుగుతుంటే నేల మీద కుక్క గిన్నె కనిపించింది. నీళ్ళు ఒకవైపు అంచును తాకుతున్నాయి. ఎదురువైపు గోరంత కిందికి ఉన్నాయి. షెడ్డుకు వెళ్ళి, మట్టం చూసే మా నాన్న రసమట్టం కర్ర తెచ్చి నేల మీద పెట్టాను. దాని గాజుగొట్టంలో బుడగ మధ్యలో నిలవకుండా, ఎత్తుగా ఉన్న తలుపు వైపుకు వెళ్ళి ఆగింది.

"మీ నాన్న కర్రే తప్పేమో," అన్నాడు వెర్లిన్.

"తిప్పి పెట్టి చూడండి. కర్ర తప్పయితే బుడగ రెండో వైపుకు పోతుంది."

మోకాళ్ళ మీద కూర్చుని తిప్పి పెట్టాడు. బుడగ మళ్ళీ తలుపు వైపుకే వెళ్ళింది.

"ఇదీ మట్టం అని ఈ మెషీన్‌కి ఎక్కడ నేర్పించారు?" అని అడిగాను.

"కొత్త బ్యాటరీ వేసినప్పుడు. పాతది తీస్తే నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. మా గ్యారేజీ ముందు..." ఆయన ఆగిపోయాడు. "వాన నీళ్ళు రోడ్డు మీదికి పోవాలని అక్కడ వాలుగా సిమెంటు పోయించాను."

"బ్యాటరీ ఎప్పుడు వేశావు?" సోఫా మీంచి ఆవిడ అడిగింది.

"కిందటి మార్చిలో."

"ఏప్రిల్‌లో నేనేమన్నాను?"

"ఒరిగి ఉందన్నావు."

"నువ్వేమన్నావు?"

"చెవి డాక్టరు దగ్గరికి పోదామన్నాను."

ఆవిడని బయట కుర్చీలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టాం. ముందు వెర్లిన్ పక్కగదిని లోపలికి లాగాడు. తరవాత నేను నేల మీద బోర్లా పడుకుని బుడగను చూస్తూ చెబుతుంటే, ఒక్కో జాకీని కొంచెం లేపుతూ, కొంచెం దించుతూ వచ్చాడు. బుడగ రెండు గీతల మధ్య నిలిచాక, ఇదే మట్టమని మెషీన్ గుర్తుపెట్టుకునేలా దాని మీటలు నొక్కి పట్టుకున్నాడు. అప్పుడే గదిని మళ్ళీ బయటికి జరిపాడు. ఆ పని చీకటి పడేదాకా సాగింది.

ఆర్డిస్ లోపలికి వెళ్ళి సోఫా మీద వెల్లకిలా పడుకుంది. చేతులు పొట్ట మీద పెట్టుకుని, కప్పుకేసి చాలాసేపు చూసింది.

"ఎలా ఉంది?" గుమ్మంలోంచే అడిగాడు ఆయన.

"మాట్లాడించకు. నిద్రొస్తోంది."

మర్నాడు ఉదయం నేను వెళ్ళేసరికి ఆయన జాకీలు ఎత్తేశాడు. ఆవిడ ముందు సీట్లో కూర్చుని ఉంది.

"తిరిగొచ్చేటప్పుడు కూడా ఈ చోటే మాకు ఉంచమ్మాయ్," అంది.

"ఏ తేదీ వెయ్యమంటారు?"

"సముద్రం చూడటానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకేం తెలుసు?"