ఆచూకీ దొరకలేదు

...నవ్వు ఒక్కటే నాది, మిగతాదంతా ప్రభుత్వానిది. ముప్పయ్యొక్క ఏళ్లు ఆ నవ్వుతోనే నెట్టుకొచ్చాను. షేకుల పక్కన నిలబడి నవ్వాను, మంత్రుల పెట్టెలు మోయించి నవ్వాను. దాన్నే దౌత్యం అంటారు. ఇప్పుడు ఆర్మూర్ మార్కెట్ యార్డులో, పసుపు బస్తాల మధ్య వేసిన కుర్చీలో, బంతిపూల దండ కింద కూడా అదే నవ్వు. వెనక గుడ్డ మీద "మన ఊరి రాయబారి" అని రాయించారు. రాయబారి ఏం చేస్తాడో వీళ్లలో ఒక్కడికీ తెలియదు. తెలిస్తే దండ వేసేవాళ్లు కాదు.

ఎదురుగా ఒక వ్యాపారి పసుపుకొమ్ము విరిచి లోపలి రంగు చూస్తున్నాడు. పైన ఎంత మెరుగు పెట్టినా నమ్మడు. నన్ను మాత్రం విరవకుండానే తీసుకున్నారు. వెర్రిబాగులవాళ్లు.

మార్కెట్ కమిటీ చైర్మన్ దేవిదాస్ ఒకామెను ముందుకు తోశాడు. ఆమె చేతిలో హారతి పళ్లెం.

"సార్, గీమె ఏర్గట్ల రామవ్వ. బీడీలు చేస్తది. పెనిమిటి హన్మయ్య మీరు కొలువు చేసిన దేశంలనే ఉన్నడు. గందుకే హారతికి గీ ముత్తైదునే పిలిచినం."

"ఏడేండ్లాయె, ఒక్క రేడియో పంపలే. మస్తు బిజీ మనిషి!" అన్నాడు హమాలీ గంగాకిషన్.

"నువ్వు దినాం ఇంట్లనే ఉంటవు గదరా, నీ పెండ్లాం ఏం సుఖపడ్డది?" అంది రామవ్వ వెనక్కి తిరగకుండానే. యార్డంతా నవ్వింది.

హన్మయ్య. ఏర్గట్ల.

ఎనభై ఆరు వేసవి. ఎండదెబ్బకు పోయిన కూలీ. ఇంటికి కబురు పంపాలని ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఆ వారమే మంత్రిగారి పర్యటన. కబురు పోతే శవాన్ని అడుగుతారు, పత్రికలు రాస్తాయి. "కుటుంబం ఆచూకీ దొరకలేదు, ఇక్కడే ఖననం చేయవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. నేను పుట్టిన ఇంటి నుంచి ఏర్గట్లకు గంట బస్సు. మరుసటి ఏడు నాకు ఇంకా పెద్ద దేశం ఇచ్చారు.

రామవ్వ ముఖానికి పసుపు, నుదుట ఇంత బొట్టు. పళ్లెం తిప్పబోతూ గొంతు తగ్గించింది.

"బాంచెన్ సారూ, గొక్కటి చెప్పుండ్రి. ఉన్నడంటే ఎదురుచూస్త. లేడంటే ఏడుస్త. గీ నడుమ బతుకు నాతోని అయితలేదు."

"విచారణ చేయిస్తానమ్మా" అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అది విన్నవాళ్లు దండం పెట్టి వెళ్లిపోతారు. ఈమె కూడా వెళ్లి, ఇంకో ఏడేళ్లు పసుపు రాసుకుంటుంది. లోపల జాలి ఏమైనా ఉందేమోనని వెతికాను. నా మీద రోత తప్ప ఏమీ దొరకలేదు.

"లేడమ్మా," అన్నాను. "ఏడేళ్ల కిందటే పోయాడు. నాకు తెలుసు."

చప్పట్లు కొట్టబోయిన దేవిదాస్ చేతులు ఆగిపోయాయి. రామవ్వ పట్టుకున్న పళ్లెంలో కర్పూరం ఇంకా వెలుగుతోంది.

చేయి చాచి, వేళ్లతో నొక్కి ఆర్పేశాను.