బిరడా ఉందా?

శనివారం పొద్దున్నే బుడగ మావయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పై జేబులో పిప్పరమెంటు డబ్బా ఉందో లేదో రెండుసార్లు తడుముకున్నాడు. ఆ డబ్బాలో పిప్పరమెంట్లు లేవు. పన్నెండేళ్ళ నుంచీ లేవు.

"ఇదిగో, మా అన్నయ్య వస్తున్నాడు ఈసారి. మళ్ళీ ఆ బకెట్టు వేషాలు వేశారో, చెప్తున్నా," అంది భార్య గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

"నేనా? వేషాలా? ఈ మొహం చూడవే ఓసారి. పాలు తాగే మొహం."

"ఆ పాలు విరిగి చాలా ఏళ్ళయింది. పదండి."

మావయ్య నవ్వాడు. నవ్వుతూనే జేబు మళ్ళీ ఓసారి తడుముకున్నాడు.

సరస్సు ఒడ్డున క్లబ్బులో ఏటా రెండు రోజులు పడవలవాళ్ళంతా కలుస్తారు. తిండి, పాటలు, పందేలు. మావయ్య పని తెరచాపలు కుట్టడం. అసలు పని మాత్రం జనాన్ని ఆటపట్టించడం. ఓ ఏడు సెక్రటరీ కోటు చేతులు రెండూ కొసల్లో కుట్టేశాడు. పాపం ఆయన ఉపన్యాసం మొదలెట్టే ముందు కోటు తొడుక్కోబోయి, దిండు గలీబులో పడ్డ పిల్లిలా గిలగిల్లాడిపోయాడు. ఎక్కడ ముంచినా మళ్ళీ పైకి తేలి నవ్విస్తాడని ఆయనకి బుడగ అని పేరు పెట్టారు.

మరి ఆ డబ్బా సంగతేంటంటారా? చెప్తాను.

ప్రతి పడవకీ వెనక అడుగున బొటనవేలు పట్టేంత చిల్లు ఒకటి ఉంటుంది. పడవని ఒడ్డుకి లాగినప్పుడు లోపలి నీళ్ళు పోవడానికి. నీళ్ళలోకి దింపేముందు దానికి చెక్క బిరడా బిగించాలి. అందుకే పడవలవాళ్ళకి ఓ అలవాటుంది. పడవ తోసేముందు ఒకరు "బిరడా?" అని కేకేస్తారు. వెనకున్నవాడు చేత్తో తాకి చూసి "ఉంది!" అంటాడు. ఆ మాట వినకుండా ఎవరూ తోయరు.

పన్నెండేళ్ళ కిందట పందెం రోజు క్లబ్బు కెప్టెన్ పడవ బిరడా మావయ్య పీకి జేబులో వేసుకున్నాడు. ఒడ్డునే కెప్టెన్ కొత్త బూట్లు తడిస్తే నలుగురూ నవ్వుకుంటారని, అంతే. కెప్టెన్ "బిరడా?" అన్నాడు. వెనక నిలబడ్డ మావయ్య గంభీరంగా మొహం పెట్టి "ఉంది!" అన్నాడు. సరిగ్గా అప్పుడే పందెం బూర మోగింది. ఉన్న గాలి అంతా తెరచాపలోకి దూరి పడవ బాణంలా పోయింది. మావయ్య చేతులూపి అరిచాడు. ఉత్సాహపరుస్తున్నాడనుకుని కెప్టెన్ కూడా చెయ్యి ఊపాడు.

సరస్సు నడిమధ్యన పడవ మునిగింది. తెడ్డు పట్టుకుని తేలుతున్న కెప్టెన్ని వేరే పడవవాళ్ళు లాగారు. ఆయన వారం రోజులు జ్వరంతో పడుకున్నాడు.

ఇంతవరకూ చేసింది తప్పు. ఆ తర్వాత చేసింది పాపం. మర్నాడు పడవని ఒడ్డుకి లాగగానే మావయ్య అందరికంటే ముందు దాని దగ్గరికి చేరి, అసలుది ముందురోజు చొక్కా జేబులో ఇంట్లోనే ఉండిపోవడంతో కొట్లో దొరికే మామూలు బిరడా ఒకటి ఆ చిల్లులో దూర్చేశాడు. బిరడా ఉన్నట్టే ఉంది. మరి నీళ్ళు ఎలా వచ్చాయి? ముందు వారమే ఆ పడవకి అడుగు పలక మార్చింది వడ్రంగి బావ. మావయ్య భార్యకి సొంత అన్న. "నీ అతుకే కారింది. ఇంక నా పడవ మీద చెయ్యెయ్యకు," అన్నాడు కెప్టెన్. ఆయన మాటే క్లబ్బు మాట అయింది.

ఆ మరుసటేడు పండగలో, తన మీదకి అనుమానం రాకుండా, మావయ్యే స్టేజీ ఎక్కి బావకి రిబ్బను కట్టిన బకెట్టు బహుమతి ఇచ్చాడు, నీళ్ళు తోడుకోవడానికని. హాలంతా పగలబడి నవ్వింది. మూడేళ్ళు ఇచ్చాడు. నాలుగో ఏడు నుంచి బావ రావడం మానేశాడు. పడవల పనీ మానేసి తలుపులూ కిటికీలూ చేసుకుంటున్నాడు.

అలాంటివాడు ఈసారి వస్తున్నాడు, కూతురి కోసం. ఆ పిల్ల తండ్రి దగ్గరే పని నేర్చుకుంది. క్లబ్బు పడవలన్నీ బాగుచేసే పని తనకిమ్మని అడిగింది. ఆదివారం పొద్దున కెప్టెన్ ఔనో కాదో చెప్పేస్తాడు.

మధ్యాహ్నం హాల్లో బావ మూల కుర్చీలో కూర్చున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"ఏం బావా, బాగున్నావా?" అన్నాడు మావయ్య.

"ఏదో, బతుకు తలుపులు తెరుస్తూ మూస్తూ గడుస్తోంది బావా."

అందులో ఎత్తిపొడుపేం లేదు. అదే మావయ్యకి ఎక్కువ గుచ్చుకుంది. పక్కనుంచి మేనకోడలు నవ్వుతూ వచ్చింది. "మావయ్యా, కెప్టెన్ గారికి మీరొక మాట చెప్పరూ? మీరు నవ్విస్తే ఆయన దేన్నీ కాదనరుట."

అంతలో కెప్టెనే వచ్చాడు. "అమ్మాయీ, నీ పని చూశాను, బాగుంది. కానీ మావాళ్ళు అంటున్నారు... మీ నాన్న చేతి అతుకే కదా నీకూ వచ్చిందీ అని. ఏమనుకోకు." ఆ పిల్ల ఏమీ అనుకోనట్టే తలూపి, కిటికీలోంచి పడవలకేసి చూస్తూ నిలబడింది. బావ తన అరచేతులు రెండూ తిరగేసి చూసుకున్నాడు.

మావయ్యకి ఆ పూట అన్నం సయించలేదు. వడ్డించేవాడు కూడా కంగారుపడ్డాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆయన్ని స్టేజీ ఎక్కించారు. "బకెట్టు! బకెట్టు!" అని కుర్రకారు బల్లలు బాదారు. ఎవరో రిబ్బను కట్టి సిద్ధంగా ఉంచారు కూడా. ముందు వరసలోంచి భార్య కళ్ళతోనే కాల్చేస్తోంది.

"ఈ బకెట్టు నాది," అన్నాడు మావయ్య. "ఆ రోజు బిరడా పీకింది నేను. ఉందని అబద్ధం చెప్పింది నేను. మర్నాడు వేరేది దూర్చిందీ నేనే. మా బావ అతుకు కారలేదు."

ఆ వెంటనే హాలు కప్పెగిరిపోయేలా నవ్వులు.

"అబ్బ, ఏం మొహం పెట్టాడ్రా!"

"కళ్ళలో నీళ్ళు కూడా! ఉల్లిపాయ ఎక్కడ దాచావు మావా?"

"ఒట్టు! నిజం!" అని మావయ్య డబ్బా తెరిచి బిరడా పైకెత్తి చూపించాడు. నవ్వులు రెట్టింపయ్యాయి. సెక్రటరీ అయితే కడుపు పట్టుకుని కుర్చీలోంచి జారిపోయాడు. ఇన్నేళ్ళూ ఏం చెప్పినా నమ్మిన జనం, నిజం చెప్తే నమ్మట్లేదు. తన నోటికి తనే ఈ గతి పట్టించుకున్నాడు మావయ్య. స్టేజీ మీద బకెట్టు పక్కన ఇంకో బకెట్టులా నిలబడిపోయాడు.

మేనకోడలు మాత్రం నవ్వలేదు. స్టేజీ దగ్గరికొచ్చి ఆ బిరడా అందుకుని తిరగేసింది. అడుగున ఉలితో పెట్టిన మూడు గీతలున్నాయి, పిట్టకాలు అచ్చులా.

"నాన్నా, ఇది నువ్వు చెక్కే బిరడాలకి పెట్టే గుర్తే."

బావ లేచాడు. బిరడా కూతురి చేతిలోంచి తీసుకుని, ఎవరికేసీ చూడకుండా బయటికి నడిచాడు. షెడ్డులో దుంగల మీద కెప్టెన్ పడవ ఉంది. పన్నెండేళ్ళ తర్వాత దాని మీద చెయ్యి వేశాడు. వంగి, వెనక అడుగున ఆనాటి నుంచీ ఉన్న బిరడా మెలితిప్పి లాగాడు. వెనకే వచ్చిన కెప్టెన్ చేతిలో పెట్టాడు. ఏ గుర్తూ లేని నున్నటి కొట్టు సరుకు.

"నా పని చేసిన పడవలో నేను కొట్టు బిరడా ఎప్పుడైనా పెట్టానా కెప్టెన్ గారూ?"

నవ్వులు షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. కెప్టెన్ మావయ్యకేసి తిరిగాడు. అందరూ తిరిగారు. జీవితంలో మొదటిసారి అంతమంది చూస్తున్నా ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. భార్య అసలు చూడనేలేదు.

బావ పాత బిరడాని చిల్లులో పెట్టి చూశాడు. డబ్బాలో ఎండి చిక్కిపోయింది, వదులుగా ఆడింది. "గ్లాసుడు నీళ్ళివ్వమ్మా," అన్నాడు కూతురితో. బిరడా అందులో వేసి పడవ పక్కన పెట్టాడు. "పొద్దుటికి ఉబ్బుతుంది."

అంతే అన్నాడు. తిట్టి ఉంటే మావయ్యకి హాయిగా ఉండేది.

ఆదివారం పొద్దున పడవని నీళ్ళ అంచుకి దింపారు. బిరడా బిగిసి కూర్చుంది. కెప్టెన్ షెడ్డు తాళంచెవి మేనకోడలి చేతిలో పెట్టి, బావకి రెండు చేతులూ జోడించాడు. బావ తలూపాడు.

"మొదటిసారి మీరే నడపాలి," అన్నాడు కెప్టెన్. తండ్రీకూతుళ్ళు పడవెక్కారు.

మావయ్య దూరంగా, బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. అది రాత్రి ఆయనే ఇంటికి పట్టుకుపోయి, మళ్ళీ ఎందుకో పొద్దున్నే పట్టుకొచ్చాడు.

"బావా," పిలిచాడు వడ్రంగి బావ. "ఇలా రా. వెనక ఎక్కు."

మావయ్య బూట్లు తడుస్తున్నా చూసుకోకుండా వెళ్ళి ఎక్కాడు.

"బిరడా?" అని కేకేసింది మేనకోడలు.

మావయ్య వంగాడు. బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"ఉంది," అన్నాడు, తనకే వినపడీ వినపడనట్టు.

బావ తనూ వంగి, మావయ్య వేలు పక్కకి జరిపి, తన చేత్తో తాకి చూశాడు.

"తోయండి," అన్నాడు.