మూడు చేతుల స్తంభం

గురువారం పొద్దున్నే చర్చి గోడ దగ్గర అతిథులు పోగయ్యేసరికి అఫ్రా అక్కడే ఉండేది. ముందు వాళ్ళ బూట్లు చూసేది, మొహాలు తర్వాత. అరవై మూడేళ్ళ అఫ్రా ముప్పై ఏళ్ళుగా టిరోల్‌లోని ఆ చిన్న ఊరి కొండదారులు చూసుకుంటోంది. రాళ్ళ మీద ఎరుపు తెలుపు గుర్తులు దిద్దడం, మంచుకి విరిగిన పలకలు మార్చడం, వారానికోసారి వచ్చినవాళ్ళని ఇరుకు లోయలోంచి జలపాతం దాటించి పాడుబడ్డ కాకుల కోట దాకా నడిపించడం ఆమె పని. సంచిలో రంగు డబ్బాలు, కుంచె, రొట్టె, పొగబెట్టిన మాంసం, దారుల గురించి రాసుకునే నోటు పుస్తకం ఉండేవి.

ఊరి చివర మూడు చేతుల స్తంభం ఉంది. ఒక పసుపు పలక జలపాతానికి, ఒకటి కోటకి, ఒకటి వెనక్కి ఊరికి. ఎంతసేపు నడవాలో దాని మీద ఉంటుంది. ఎవరు చూస్తే వాళ్ళ సమయం వాళ్ళకి కనిపిస్తుంది, పక్కవాళ్ళది కనిపించదు.

ఆ గురువారం హాంబుర్గ్ నుంచి వచ్చిన బొద్దాయన మెడ సాచి చదివాడు. "కోటకి నాకు మూడున్నర గంటలంటోంది. నీకెంత?"

"రెండు," అంది భార్య.

"అంటే నన్ను మధ్యలో వదిలేసి పోతావన్నమాట."

"ఆ పలకకి మొహమాటం లేదు," అంది అఫ్రా. "నువ్వు దారిలో తినబోయే రొట్టెలు కూడా లెక్కేసుకుంటుంది." కొండదారిలో దొరనైనా డాక్టరునైనా 'నువ్వు' అనే అంటారు, అది అక్కడి మర్యాద.

ఆమె పలక కూడా మూడున్నరే చూపించింది. ఒంటరిగా వెళితే గంటా ఇరవై నిమిషాలు. గురువారాలు మాత్రం అందరికంటే వెనకబడేవాడి సమయమే ఆమెదీ. ఎవరినీ వెనక వదిలి నడిచిన మనిషి కాదు.

అందుకే ఆమె మొగుడు వెనకబడిపోవడం ఆమెని లోపల కోసేస్తోంది.

జేనో జున్ను చేసే పనిలో నలభై ఏళ్ళు గడిపాడు. ఏటా జులైలో ఒక ఆదివారం కోట లోపలి చిన్న గుడిలో ప్రార్థన జరుగుతుంది. ముప్పై నాలుగేళ్ళు ఇద్దరూ కలిసే ఎక్కారు. రెండున్నరేళ్ళ కిందట అతనికి గుండె ఆపరేషన్ అయింది. ఆరు నెలలకి డాక్టరు, "ఇక నడువు, కూర్చుంటేనే పాడవుతావు," అన్నాడు. జేనో మాత్రం ఇంటి ముందు బల్ల దాటలేదు. ఆమె బతిమాలింది, తిట్టింది, పోరింది. దేనికైనా "చూద్దాంలే" ఒకటే జవాబు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. తనంటే విసుగొచ్చిందేమో అని కూడా అనుకుంది అఫ్రా. అనుకుని ఏడ్చింది.

సాయంత్రం అతిథుల్ని దింపి వస్తుంటే కమ్మరి వెండెలిన్ కొట్టులోంచి పిలిచాడు.

"అక్కా, బావ సిలువ అయిపోయింది. మీద తీగ చుట్టమన్నాడు, చుట్టాను. ఒకసారి చూసి పో."

"ఏ సిలువ?"

వెండెలిన్ నాలిక కరుచుకున్నాడు. గోడకి ఆనించిన ఇనప సిలువ సమాధి మీద నిలబెట్టేది. దాని మీద జేనో పేరు, పుట్టిన సంవత్సరం ఉన్నాయి. పక్కన ఖాళీ.

"తొందరగా కావాలన్నాడక్కా. నీకు తెలుసనుకున్నా. మొన్న తన బూట్లు కూడా తెచ్చి, నీ కాలికి సరిపోతాయి వాడుకోరా అన్నాడు."

అఫ్రా ఇంటికెళ్ళేసరికి జేనో బంగాళదుంపలు వేయిస్తున్నాడు. ఆమె సంచి దించకుండానే అడిగింది.

"ఎవరికయ్యా ఆ సిలువ?"

జేనో మంట తగ్గించాడు.

"నాకు పలక ఖాళీగా కనిపించింది," అన్నాడు.

ఆమె సంచి దించి కుర్చీలో కూర్చుంది. పలక ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇక అక్కడికి చేరడని ఊళ్ళో అందరికీ తెలిసిందే. ముసలి ఫ్లోరినస్ కోట పలక ఖాళీగా చూసి ఇంటికొచ్చి, ఆవుల్ని కూతుళ్ళకి పంచి, మూడో వారం పోయాడు.

"ఎప్పుడు చూశావు?"

"ఆపరేషనైన అయిదో నెల. డాక్టరు ఆరు నెలలాగమన్నాడు కదా, నీకు చెబితే తంతావని నువ్వు ఇంట్లో లేనప్పుడు అడ్డదారిన వెళ్ళా. ఊరి పలక మీద రాత ఉంది. కోటది శుభ్రంగా తుడిచినట్టుంది."

"రెండేళ్ళు నాకు చెప్పలేదా?"

"చెబితే నువ్వూ రోజులు లెక్కపెట్టేదానివి. ఒకళ్ళు లెక్కపెడుతున్నారు, చాలదా?"

ఆమెకి కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆ రెండిటి మధ్యా ఏదో తట్టి చప్పున లేచి, అటక మీంచి పాత నోటు పుస్తకాలు దించింది. ఆ ఏడాది పుస్తకం తీసి జూన్ నెల తిరగేసింది. తన రాతే గట్టిగా చదివింది.

"మంగళవారం, కోట పలకకి కొత్త పసుపు రెండు పూతలు. గుడ్డ కట్టాను. గురువారం, లోయలో ఒకావిడకి చీలమండ బెణికింది. వెనక్కొచ్చి పలక గుడ్డ విప్పి ఆవిడ కాలికి కట్టాను. శుక్రవారం, అక్షరాలు వచ్చాయి."

కొత్త రంగు వేస్తే పలక మీద అక్షరాలు మళ్ళీ పైకి తేలడానికి మూడు రోజులు పడుతుంది. అందాకా ఎవరూ చూసి బెదరకుండా ఆమె పలకకి ఎర్రగుడ్డ చుట్టేది. ముప్పై ఏళ్ళలో ఆ ఒక్క గురువారం చుట్టకుండా వదిలింది.

"కొత్త రంగని తెలీలేదా? వాసనైనా రాలేదా?"

"పసుపు బాగా మెరుస్తోందే అనుకున్నా," అన్నాడు జేనో నెమ్మదిగా. "చావు కబురు కదా, నీటుగా చెప్పిందనుకున్నా."

తాడుని చూసి పామనుకున్నట్టయింది. ఆ తాడు అక్కడ పడేసింది తనే. "తప్పు నాది," అంది అఫ్రా. జేనో మాడిన దుంపలు ఆమె కంచంలో కాకుండా తన కంచంలో వేసుకున్నాడు.

తెల్లారగానే వెండెలిన్ దగ్గర బూట్లు అడిగి తీసుకున్నారు. స్తంభం ఇంకా పది అడుగులుందనగా జేనో ఆగిపోయాడు.

"ఆ రోజు గురువారమో కాదో. నేను శనివారం వెళ్ళానేమో. నాకు గుర్తులేదు."

"అడ్డదారిన నేను లేనప్పుడు వెళ్ళానన్నావు."

"నువ్వు శనివారాలు కూడా రంగు డబ్బాలు పుచ్చుకుని పోతావు."

అది నిజమే. రాతలో ఉన్నదంతా రంగు సంగతి. అతను నిజంగా ఏ రోజు చూశాడో ఏ పుస్తకంలోనూ లేదు.

"నువ్వే చదివి చెప్పు," అన్నాడు.

"నీది నాకెలా కనిపిస్తుంది?"

జేనో టోపీ తీసి చేత్తో పట్టుకుని ముందుకెళ్ళాడు. పలక వైపు తలెత్తకుండా కిందున్న రాళ్ళు చూస్తూ నిలబడ్డాడు. అఫ్రా అతని పక్కన నిలబడింది. అతని మొహం చూసే ధైర్యం లేక, అలవాటు కొద్దీ తన పలక చూసుకుంది.

కాకుల కోట, రెండు గంటల యాభై నిమిషాలు.

ఆమె రెండోసారి చదివింది. ఆ రోజు శుక్రవారం. వెంట అతిథులెవరూ లేరు. ఒంటరిగా అయితే గంటా ఇరవై. రెండేళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు జారి ఆమె కాళ్ళ దగ్గర పడ్డట్టయింది.

జేనో అప్పటికి తలెత్తాడు. పెదాలు కదుపుతూ చదివాడు.

"అఫ్రా, రెండు గంటల యాభై..."

"తెలుసు," అంది ఆమె. "పద."

కొంత దూరం వెళ్ళాక అతను ఊపిరి తీసుకోడానికి ఒక రాయి మీద కూర్చున్నాడు. ఆమె సంచిలోంచి కుంచె తీసి, ఆ రాయి మీద వెలిసిపోయిన ఎర్రగీత దిద్దుతూ కూర్చుంది.

"మరి సిలువ?" అన్నాడు.

"తీగ చుట్టించావు కదా. చిక్కుడు పాకిద్దాం."