గాజు కడుపుకు అతిథి మర్యాద

డాకర్ ప్రయోగశాలలో ఆ గాజు కడుపంటే సీగా ఫాయ్‌కి ప్రాణం. మూడు సీసాలు, వాటిని కలుపుతూ రబ్బరు గొట్టాలు: జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు. బావోబాబ్ చెట్టు కాయల గుజ్జులో ఒంటికి మేలు చేసేది అరుగుదలను తట్టుకుని ఎంత మిగులుతుందో అది తేల్చాలి. తేల్చింది కూడా. చిన్నపేగులో పైత్యరసం తగిలేసరికి దాదాపు సున్నా. ఇంక పెద్దపేగుకి పంపడానికేముందని సీగా మూడో సీసా జోలికే పోలేదు.

సోమవారం ఆరోగ్య శాఖ కమిటీ కూర్చుంటుంది. ఈ సున్నా చూస్తే పల్లె ఆరోగ్య కేంద్రాల్లో పిల్లలకు పోసే గుజ్జు జావ ఆపేస్తారు. చిన్నప్పుడు విరేచనాలతో చిక్కిపోయిన సీగాని నిలబెట్టింది ఆ జావే. ఇప్పుడు పిల్లల నోటి దగ్గర కూడు తన చేత్తోనే లాగెయ్యాలా?

"ఏం సెరేరు పిల్లా, ఏడుస్తున్నావా? తెచ్చుకున్న తిండి అయిపోయిందా?" అన్నాడు పక్కబల్ల దెంబా లీ. అతను పులార్ తెగవాడు, ఆమె సెరేర్. ఆ రెండు తెగలకూ తాతల నాటి వేళాకోళపు వరస; సెరేర్లూ పులార్లూ ఎదురుపడితే వెక్కిరించుకోకపోవడమే అమర్యాద.

"పోరా ఆవుల కాపరీ! పాలు పితకడం తప్ప నీకేం తెలుసు?"

"బుయ్ కలపడం తెలుసు. తాగి ఏడు."

గ్లాసులో బావోబాబ్ రసం తెల్లగా, చల్లగా, నున్నగా ఉంది. ఒక గుక్క తాగి సీగా ఆగిపోయింది.

"పీచేదిరా?"

"వడకట్టేశా. అతిథులకి పీచుతో ఇస్తే మా అమ్మ చెప్పు తీసుకుంటుంది."

"నేనూ వడకట్టానురా! గాజు కడుపుకి అతిథి మర్యాద చేశాను! జావలో పిల్లలు పీచుతో సహా తింటారు కదరా!"

పీచు తాను పట్టుకున్నదాన్ని చిన్నపేగులో వదలదనీ, పెద్దపేగులో సూక్ష్మజీవులు పీచును కొరికితేనే అది బయటికొస్తుందనీ ఆమె చదవలేదా? చదివింది. కానీ చేతులు చదువు మాట వినలేదు, అతిథికి వడకట్టి ఇమ్మన్న అమ్మ మాట విన్నాయి. తన మీద తనకే ఒళ్ళు మండింది. ఈసారి గుజ్జును వడకట్టకుండా పోసి, మూడో సీసాలో సూక్ష్మజీవులను వేసి దానికి ప్రాణం పోసింది.

ఆదివారం సాయంత్రం తెర మీద, మేలు చేసేది ఎంత బయటికొచ్చిందో చూపే గీత మొదట కిందికి జారింది. చిన్నపేగు దాటింది. పెద్దపేగులో మెల్లగా తల ఎత్తింది, ఎక్కింది, ఇంకా ఎక్కింది. సీగా వేసిన కేకకు కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

దెంబా కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఒక తిట్టు తిట్టరా, నాకు భయమేస్తోంది!"

"తిండిపోతుదానా," అన్నాడు కళ్ళు తుడుచుకుని. "నీ గాజు కడుపు కూడా నీలాగే. చివరిదాకా వదల్లేదు."

సోమవారం కమిటీ జావను ఉంచింది. ఉత్తర్వులో సీగా పట్టుబట్టి ఒక మాట వేయించింది: వడకట్టరాదు.