తెల్లబడ్డ పొడి

డ్రైవింగ్ నేర్పేవాళ్ల కారులో రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, అద్దంలో చూశామని వాళ్లు చెప్పే అబద్ధాలు వింటూ, ఆ బ్రేకు మీద కాలు పెట్టుకునే నా బతుకు సగం గడిచిపోయింది. అందుకే ఎవరి మాటా నేను ఓ పట్టాన నమ్మను. మా తమ్ముడి మాట అసలే నమ్మను. వాడికి కారు నేర్పబోయి రెండో రోజే తాళాలు లాక్కున్నదాన్ని.

వాడు కెమిస్టు. మందుల షాపులో కాదు. అలా అనుకుని వాణ్ణి దగ్గు మందు అడిగే చుట్టాలు మాకు బోలెడుమంది ఉన్నారు. వాడు పనిచేసేది కొత్త మందులు కనిపెట్టే ల్యాబులో. క్యాన్సర్ కణాలను చంపగల పదార్థాలను ముక్క ముక్కా అతికించి తయారు చేస్తాడు. తయారైనదాన్ని పక్క గదిలోవాళ్లకు ఇస్తాడు. వాళ్లు ప్లాస్టిక్ పలకల్లో చిన్న చిన్న గుంటల నిండా ఆ కణాలను పెంచుతూ ఉంటారు. వాటి మీద ఈ మందు వేసి, మూడు నాలుగు రోజులు ఆగి, "బతికే ఉన్నాయి" అని కబురు పంపుతారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో వాడు ఎక్కువగా విన్నది ఆ మాటే. అయినా మర్నాడు పొద్దున్నే క్యారియర్ పట్టుకుని హుషారుగా బయల్దేరే వాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండేది.

అలాంటిది, క్యాన్సర్ నాకే వచ్చింది. క్లోమంలో మొదలైందట. తెలిసేసరికే కాలేయానికి పాకింది, కోసి తీయడానికి వీల్లేదన్నారు. నేను పెళ్లి చేసుకోలేదు, తమ్ముడు, మరదలి దగ్గరే ఉంటాను. ఆ కబురు విన్న రోజు తమ్ముడు వంటింట్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడు ల్యాబుకు వెళ్లిపోయాడు. వాడికి తెలిసిన విద్య అదొక్కటే మరి.

కొన్ని నెలలకు వాడి పదార్థాల్లో ముప్పై ఏడో నంబరుది పనిచేసింది. గుంటల్లోని కణాలు ఒక్కటీ మిగల్లేదు. అవి కూడా నాకు వచ్చిన రకం కణాలే. వాడు బూట్లు విప్పకుండానే నా గదిలోకి వచ్చి ఫోన్‌లో ఫోటో చూపించాడు. చిన్న సీసా అడుగున ఎర్రమట్టి రంగు పొడి.

"ఇదేంట్రా, ఇటుక పొడిలా ఉంది?" అన్నాను.

"ఇంకా శుభ్రం చెయ్యాలక్కా. శుభ్రం చెయ్యకుండా ఎలకలకి ఇవ్వనివ్వదు మా మేడం. ఎలకల్లో గట్టెక్కితే..."

"ఎక్కితే? మందు బయటికొచ్చేసరికి పదేళ్లు పడుతుందని నువ్వేగా చెప్పావు."

"అది మామూలు లెక్క. వేరే దారిలేని వాళ్లకి ముందే ఇచ్చే పద్ధతి ఒకటుంటుంది. నేను ఎవరి కాళ్లయినా పట్టుకుంటా."

వాడి ముఖం చూశాను. అద్దంలో చూశామని చెప్పేవాళ్ల ముఖం అచ్చం అలాగే ఉంటుంది.

"పట్టుకో, పట్టుకో. నేను మాత్రం నమ్మను" అన్నాను. వాడు నవ్వాడు.

ఆ వారమే మా డాక్టరమ్మ నన్నూ మరదలినీ కూర్చోబెట్టి విషయం తేల్చి చెప్పింది. ఇప్పటిదాకా ఎక్కిస్తున్న మందు ఇక పనిచేయడం లేదు. కావాలంటే ఇంకో రకం ఉంది. దాంతో కొన్ని వారాలు కలిసిరావచ్చు, రాకపోనూ వచ్చు. వాంతులు, నోటినిండా పుళ్లు మాత్రం తప్పవు. అన్నీ ఆపేసి, నొప్పి తెలియకుండా చూసుకుంటూ ఇంట్లో ఉండటం కూడా తప్పేమీ కాదు. మీ ఇష్టం అంది.

మరదలు నా వైపు చూసింది. నేను ఆపేస్తానని తన నమ్మకం. నా తిక్క తనకు తెలుసు.

"ఎక్కించండి. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? ఇక్కడైతే నర్సులతో పోట్లాడుకోవచ్చు" అన్నాను. డాక్టరమ్మ నవ్వింది. మరదలు నవ్వలేదు.

ఆ మందు గురించి వాళ్లు చెప్పింది తక్కువ. నీళ్లు తాగితే గొంతులో గాజుపెంకులు దిగినట్టుండేది. జుట్టు పోయింది, గోళ్లు నల్లబడ్డాయి. మంగళవారం మంగళవారం వెళ్లి చెయ్యి చాపేదాన్ని. నర్సులతో పోట్లాడే ఓపిక మొదటి మంగళవారానికే అయిపోయింది.

ఒక మంగళవారం ఆసుపత్రి నుంచి తమ్ముడు నన్ను వాడి ల్యాబుకు తీసుకెళ్లాడు. వెనక వీధే. గదంతా ముక్కుపుటాలు అదిరే వాసన. గోడ పొడవునా గాజు తలుపుల గూళ్లు, పైన పొగ లాగేసే ఫ్యాన్ల హోరు. ఒక గూట్లో నిలువెత్తు గాజు గొట్టం నిలబెట్టి ఉంది. దాని నిండా తెల్లటి పొడి కూరి ఉంది. ఆ పొడిలోంచి లేత పసుపు పట్టీ ఒకటి మెల్లగా కిందికి దిగుతోంది. కింద చుక్క చుక్కా పట్టడానికి వరసగా చిన్న గొట్టాలు పెట్టారు.

"ఆ పసుపుది మనదక్కా" అన్నాడు, కన్నకూతుర్ని చూపిస్తున్నట్టు.

"మరి పైన అంటుకుపోయిన ఆ నల్లదేమిటి?"

"చెత్త."

నాకోసం తెచ్చిన కుర్చీలో కూర్చుని ఆ చుక్కల్ని చాలాసేపు చూశాను. వాంతి వస్తున్నా లేవాలనిపించలేదు.

చెత్త పోయేకొద్దీ పొడి రంగు తేలింది. పదే పదే కరిగించి, వడకట్టి, గడ్డకట్టించి, చివరికి మల్లెపువ్వంత తెల్లటి పొడి తీశాడు. పక్క గదివాళ్లకు ఇచ్చాడు. మూడు నాలుగు రోజులకు కబురు వచ్చింది. బతికే ఉన్నాయి.

తప్పు పక్క గదివాళ్లదేనన్నాడు. వాళ్లు కొత్త కణాలు పెంచి మళ్లీ చూశారు. బతికే ఉన్నాయి. పలకలు మార్చారు, మనుషుల్ని కూడా మార్చారు. అవి చావలేదు. అప్పుడు వాడు మొదటిసారి చేసినట్టే, శుభ్రం చేయకుండా, ఎర్రమట్టి రంగులోనే మళ్లీ తయారు చేసి ఇచ్చాడు. అన్నీ చచ్చాయి. ఆ సాయంత్రం ఇంట్లో వాడి ఈలపాట భరించలేక తలుపు వేసుకున్నాను. తలుపు వెనక నిలబడి ఆ పాటంతా విన్నాను కూడా.

ఆ తర్వాత పది రోజులు వాడు నా గదిలోకి రాలేదు. గుమ్మం దగ్గరే "ఎలా ఉందక్కా" అని వెళ్లిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఎండ ఇంకా దిగకముందే ఇంటికొచ్చాడు. నేను బాల్కనీలో, ఒళ్లో బేసిన్ పెట్టుకుని కూర్చున్నాను. మరదలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. వాడు వచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ముక్కలు అతికించడానికి పల్లాడియం అని ఓ లోహం వాడతామక్కా. అతికించాక అది పోవాలి. మొదటిసారి పూర్తిగా పోలేదు. ఆ గొట్టంలో పైన నల్లగా చూశావు చూడు, అదే."

"ఊఁ."

"కణాల్ని చంపింది అదే. మన మందు కాదు. నాలుగు రోజుల కిందట ఉత్త లోహమే వేసి చూశాను. ఒక్కటీ మిగల్లేదు."

మరదలి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "అయితే ఆ లోహాన్నే మందుగా ఇవ్వొచ్చుగా?" అంది.

"దానికి మంచీ చెడూ తెలీదు. మంచి కణాల్నీ అలాగే చంపుతుంది. అది విషం." వాడు తన అరచేతులు చూసుకున్నాడు. "ముప్పై ఏడులో ఏమీ లేదు. మొదట్నుంచీ ఏమీ లేదు. నేను శుభ్రం చేసే కొద్దీ..."

ఇక నా వంతు. ఏదో ఒకటి అనాలి కదా, తిట్టో, వేళాకోళమో. 'నేను ముందే చెప్పలేదూ' అందామని నోరు తెరిచాను. కింద వీధిలో ఎవరో బండి వెనక్కి తీయలేక ఇంజను ఆపేసుకుంటున్నారు. మామూలుగా అయితే పైనుంచే కేకలేసేదాన్ని. ఆ రోజు ఊరికే వింటూ కూర్చున్నాను.

చచ్చిపోతానని అంతకుముందు కొన్ని వందలసార్లు నేనే అని ఉంటాను. అనడం వేరు. తెలియడం ఆ మధ్యాహ్నం తెలిసింది. నాకు చాలా భయం వేసింది.

"ఒరే, వచ్చే మంగళవారం నేను రానని ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పు."

"అదేంటక్కా! నా మందు వేరు, ఆసుపత్రి మందు వేరు కదా. అది ఆపడం దేనికి? నా మందు వచ్చేదాకా ఉండాలనా నువ్వు అదంతా..."

తలెత్తి నన్ను చూశాడు. ఆ బోడి తలనీ, పగిలిన పెదవుల్నీ, నల్లబడ్డ గోళ్లనీ వరసగా చూశాడు, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

"నమ్మనన్నావుగా అక్కా" అన్నాడు.

"అన్నాన్రా" అన్నాను.

వాడు నా మోకాళ్ల మీద తల పెట్టేశాడు. నేను బేసిన్ పక్కకు జరిపాను. మరదలు చేతిలో చొక్కా మడతపెట్టిన బట్టల మీద పెట్టి, ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. ఆసుపత్రివాళ్లకు నా పేరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది తనకు.