ఏసేపు తిన్న అలసందలు

వంక పొర్లి చర్చి పడమటి గోడను ఎత్తుకుపోయిన ఏడాది అది. ఆ గోడ మళ్లీ లేవకముందే ఎండలు ముదిరాయి, ఏసేపుకు హైస్కూలు పెద్దపరీక్షలు వచ్చాయి. అన్నీ అయిపోయి జీవశాస్త్రం ఒక్కటే మిగిలింది. తెల్లారితే అదే.

నందికొట్కూరు దిక్కున ఉన్న ఆ పల్లెలో హైస్కూలు మెట్లెక్కినవాడు ఏసేపు ఒక్కడే. తల్లీతండ్రీ సుగ్గి పేరుతో దూరపు ఊళ్లకు కోతపనికి పోయి ఉన్నారు. పరీక్ష తప్పితే వాడూ కొడవలి పట్టుకుని వాళ్ల వెంట నడవాల్సిందే.

జీవశాస్త్రం చెప్పే జ్ఞానరాజు అయ్యవారు ఒక నియమం పెట్టాడు. ఒక రోజుది, మూడు రోజులది, అయిదు రోజులది, వారం రోజులది, ఇట్లా ఒకే రకం గింజకు నాలుగు వయసుల మొలకలు తెచ్చి చూపినవాడే పరీక్షకు కూర్చోవాలి. ఏసేపు అలసందలు నానేసి తడిగుడ్డల్లో చుట్టి నీళ్లకుండ పక్కన పెట్టాడు. పుస్తకాన్ని మాత్రం ఆఖరి రోజుకు మిగిల్చుకున్నాడు.

ఆ రోజు పొద్దున్నుంచీ చర్చి నీడన కూర్చుని బీజదళం, ప్రథమమూలం అంటూ నోటికి పట్టించాడు. అవేమిటో మాత్రం బుర్రకెక్కలేదు. ఆకలై ఇంటికొస్తే, వాణ్ణి సాకుతున్న పెద్దమ్మ ఏసుమణి వేడి గుగ్గిళ్లు పెట్టింది. సగం తిన్నాక గాని గింజలకు తోకలున్నాయని వాడు చూసుకోలేదు. కుండ వైపు తిరిగాడు. గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేసి ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇవి నా పరీక్ష గదా."

"మొలకలొచ్చి చెడిపోతాండాయని ఉడకేసినా. పరీక్షంటే కుండ పక్కన పెట్టేదని నాకెవరు చెప్పినారురా?"

సంగతంతా విన్నాక ఆమె కొంగు నడుముకు దోపింది. "లెయ్. నీళ్లు పారేకాడ గింజ ఊరికే ఉండదు."

ఇద్దరూ ఇళ్ల వెనకాల నీళ్లు పోసుకునే బండలన్నీ తిరిగారు. చేలు మాడిపోయినా, చేటలోంచి రాలిన గింజ ఆ తడికి మొలుస్తుంది. అప్పుడే ముక్కు బయటపెట్టిన అలసంద తమ బండ కిందే దొరికింది. రెండోది పాస్టరుగారింటి వెనక. పెద్దకులం హంపమ్మ ఇంటి దగ్గర కంచె బయటే నిలబడ్డారు, లోపలికి పోయే వాడుక లేదు. హంపమ్మ విని నవ్వి, ఇంకాస్త పెరిగినవి రెండు పీకి కంచె మీదుగా వాడి గుడ్డలో వేసింది. వీడి చదువు మా మురికినీళ్లతో పెరిగిందని ఊరంతా చెప్తానంది.

పొద్దు వాలుతుండగా వాకిట్లో పరిచి చూస్తే అన్నిటికన్నా పెద్దది అలసంద కాదు. కంది అంది ఏసుమణి.

"ఎట్ల తెలిసె?"

"అలసంద తన పప్పును నెత్తిన పెట్టుకోని పైకొస్తాది. కంది దాన్ని మట్టిలోనే ఇడిసి ఆకును పంపుతాది. విత్తినోళ్లకు తెలీదా?"

ఏసేపు గబగబా పుస్తకం తీశాడు. పొద్దున్నుంచీ అర్థం లేకుండా వల్లెవేస్తున్న మాటలు ఇవే. పప్పే బీజదళం. వెలుతురు పోయేదాకా ఆమె ఒక్కొక్కటీ వేలితో చూపింది, వాడు పేరు చదివాడు. నలభై ఏళ్లు గడిచాక కూడా, హైస్కూలులో తనకు గుర్తున్న చదువు ఆ అరగంటదేనని చెప్పేవాడు. గుగ్గిళ్లలో ఉప్పు కాస్త ఎక్కువైందని కూడా చెప్పేవాడు.

ఆ రాత్రి మాత్రం, కంది ఆకులు తుంచేస్తే అదీ అలసందేనని చూపొచ్చు అనుకున్నాడు. పెద్దమ్మను అడిగితే, అయ్యవారు నీకు తెలిసినవాడు, నాకు కాదు అని పొయ్యి దగ్గరికి పోయింది.

మరుసటి పొద్దున నాలుగు మైళ్లు నడిచిపోయి అయ్యవారి బల్ల మీద గుడ్డ విప్పాడు. అలసందలు మూడూ ఒక వరుసన, కందిని విడిగా పెట్టాడు. తన మొలకలు తానే తిన్నాడని, ఇవి ఊళ్లో ఏరినవని, నాలుగోది కంది అని, దాని పప్పు మట్టిలోనే ఎట్లా ఉండిపోతుందో చెప్పాడు. అయ్యవారు కంది మొలకను రెండు వైపులా తిప్పి చూసి, బెంచీ వైపు చెయ్యి చూపాడు. ఏసేపు పోయి కూర్చుని, కలం సిరాలో ముంచి, మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి ముందు మొలకల సంగతి రాశాడు.